చుక్క ముందు ఖాళీ

టాక్సీ కదలడం లేదు. ముందున్న బస్సు వెనకద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో 'నన్ను కడగండి' అని రాశారు, డ కొంచెం వంకరపోయింది గానీ తప్పేమీ లేదు అనుకుంది ఒత్తులక్క, అనుకున్న మరుక్షణమే తన మీద తనకే ఒళ్ళు మండింది. ఒక మనిషి ప్రాణం ఉందో పోయిందో తెలియక పరుగెత్తుతూ కూడా అక్షరాలేనా. కానీ ఏం చేస్తుంది, ఇన్నేళ్ళుగా కళ్ళకి ఆ ఒక్క పనే అప్పజెప్పింది, అవి ఇప్పుడు మానమంటే మానతాయా. ఒత్తులక్క ఆమె అసలు పేరు కాదు, కథలు పంపేవాళ్ళు చాటున పెట్టుకుని తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టిన పేరు. ఊళ్ళో ఎవరు కథ రాసుకున్నా ఫోనులోంచి వెబ్‌సైటుకి పంపించవచ్చు, పంపినది పదిమందికీ కనబడేముందు ఈమె కళ్ళ ముందుగా పోవాలి. ఒత్తు లేనిచోట పెడుతుంది, అక్కర్లేనిచోట పీకేస్తుంది. బాధని భాద అని రాసేవాళ్ళు, అర్థం అనబోయి అర్ధం అనేవాళ్ళు, 'నువ్వు నన్ను అర్ధం చేసుకున్నావు' అంటే సగానికి కోశావని కదా నాయనా అని ఎంతమందికి చెప్పిందో. కథానాయిక కళ్ళని కల్లు అని రాసి, 'ఆమె కల్లులో మునిగిపోయాడు' అని ముగించిన కుర్రవాడికి ఆ వాక్యం పూర్తిగా తప్పేం కాదులే అని జవాబు రాయబోయి ఆగింది. 'నా యొక్క భార్య యొక్క చేతి యొక్క వంట' అన్న రిటైర్డు గుమాస్తా, 'అమ్మ వంట చేయబడింది' అని రాసి తల్లిని పొయ్యి మీదకెక్కించిన కాలేజీ పిల్ల. వీళ్ళందరూ ఆమెకి చుట్టాల్లాంటివాళ్ళే, ఎవరి తప్పులు వాళ్ళవి, పేరు మూసేసినా ఎవరు రాశారో చెప్పగలదు.

అలాగే పొద్దున వచ్చినది మబ్బుపిల్ల అన్న కలంపేరుతో రాసే పిల్లదని పేరు చూడకుండానే తెలిసింది. మబ్బుపిల్ల తప్పులు మబ్బుపిల్లవే. ళ అన్నది ఆ పిల్ల బడిలో లేనట్టుంటుంది, అన్నీ ల. ఆగాల్సినచోట చీమలబారులా చుక్కలు. వాక్యం అయిపోయాక చుక్క పెట్టేముందు ఒక ఖాళీ, ప్రతిసారీ, చెప్పగా చెప్పగా కూడా. 'చుక్క ముందు ఖాళీ వదలకండి' అని ఎన్నిసార్లు రాసిందో, అటునుంచి 'అలాగే అక్కా .' అని జవాబు, చుక్క ముందు ఖాళీతో. నవ్వొచ్చేది. మొహం ఎన్నడూ చూడలేదు గానీ ఒత్తులక్క మనసులో ఒక పిల్ల తయారైపోయింది. పంతొమ్మిదేళ్ళుంటాయి, సన్నగా ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుని చెవుల్లో పాటలు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది, కాలేజీ ఎగ్గొడుతుంది. కథలన్నీ ఒంటరితనం, మబ్బులు, పక్షులు. 'మబ్బు పక్కన కూర్చున్నాను' అని మొదలుపెడుతుంది. ఒత్తులక్క దాని పక్కన 'అరిగిపోయిన ఉపమానం, మార్చండి' అని రాసి పంపేది.

టాక్సీ కొంచెం కదిలి మళ్ళీ ఆగింది. "ఇంకో దారేం లేదాండీ?" అంది. "ఉంది మేడం, అదీ ఇలాగే ఉంది" అన్నాడు డ్రైవరు, అద్దంలో ఆమె మొహం చూసి, "ఆస్పత్రికా?" అని మెల్లగా అడిగాడు. కాదంది. అవునేమో కూడా తెలియదు. ఫోను తీసి మళ్ళీ మబ్బుపిల్ల నంబరు నొక్కింది, మీరు పిలుస్తున్న ఫోను స్విచాఫ్ చేసి ఉంది అని అదే గొంతు, ఎవరు చచ్చినా బతికినా ఒకటే తీరుగా చెప్పే గొంతు, స్పష్టమైన ఉచ్చారణ, ఒక్క ఒత్తు కూడా పోదు.

నాన్న మీద కోపం వచ్చింది. ఇలాంటప్పుడు నాన్న ఎందుకు గుర్తొస్తాడంటే ఈ పని నేర్పింది ఆయనే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, భోజనం బల్ల మీద పొడుగాటి కాగితాలు పరిచి, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదవడం నేర్పాడు. ముందునుంచి చదివితే అర్థం నిన్ను ఈడ్చుకుపోతుందే తల్లీ, తప్పు నీ పక్కనుంచే నడిచిపోతుంది, నువ్వు చూడవు, అందుకని అర్థాన్ని గుమ్మం బయట నిలబెట్టు, అక్షరాన్ని మాత్రం లోపలికి రానియ్యి. ఎంత గొప్పగా అనిపించేది ఆ మాట. ఆయన చివరి రోజుల్లో మంచం మీద పడుకుని కూడా గోడ మీది బోర్డు చూపించి 'అత్యవసర'లో యావత్తు పోయిందమ్మా, నర్సుతో చెప్పు అన్నాడు. నర్సు నవ్వి నిజంగానే దిద్దించింది. ఆ మనిషి కూతురు ఇవాళ పొద్దున కుర్చీలో కూర్చుని, బ్యాగు కూడా ఇంకా భుజం మీంచి దించకుండా, మబ్బుపిల్ల పంపిన నాలుగు ముక్కల్నీ వెనకనుంచి ముందుకి చదివింది. అందరికి, దీర్ఘం లేదు. భాద, బాధ. ఇన్నాల్లు, ళ. ఎవరికి, మళ్ళీ దీర్ఘం. కూడ, కూడా. వుండను, ఉండను. వెల్తున్నాను, ళ. ఆకరి, ఆఖరి. ఇవాలే, ఇవాళే. చుక్కలు మూడు చాలు. చుక్క ముందు ఖాళీ వద్దు. కింది లోపాలు సరిచేసి పంపగలరు. పంపు అన్న బొత్తాం నొక్కి టీకి లేచింది.

టీ గ్లాసు పెదవుల దగ్గరకి వెళ్ళేలోపు, గుమ్మం బయట నిలబెట్టిన అర్థం లోపలికి వచ్చేసింది. అక్షరాలు లేకుండా, ఎవరో చెవి పక్కన చెప్పినట్టు వచ్చింది. ఇవాళే ఆఖరి రోజు. పైకి వెళ్తున్నాను. రేపటికి నేను ఉండను, నా గూడు కూడా ఉండదు. ఇంక ఎవరికీ నా కోసం తల ఎత్తి చూసే పని లేదు. ఇన్నాళ్ళు నా బాధ విన్న అందరికీ సెలవు. గ్లాసు ఎక్కడ పెట్టిందో గుర్తులేదు. పెద్దాయన గదిలోకి ఎలా వెళ్ళిందో గుర్తులేదు. వెబ్‌సైటు నడిపే పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చదివి, "కథేనేమోనమ్మా. మనకి వచ్చే కథల్లో రోజుకి ఇద్దరు చస్తూనే ఉంటారు కదా" అన్నాడు, అంటూనే ఆయన గొంతు కూడా పల్చబడింది, అంటూనే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "నేను పోలీసులకి చెప్తా. నువ్వేం చేస్తావు?" "వెళ్తా." పోయినేడాది పోటీలో మబ్బుపిల్లకి ప్రోత్సాహక బహుమతి వస్తే పుస్తకాలు పంపారు, ఆ చిరునామా ఉంది, ఆడవాళ్ళ హాస్టలు, గది నంబరుతో సహా. హాస్టలు ఫోను మోగుతూనే ఉంది గానీ ఎత్తే దిక్కు లేదు.

కథే అయ్యుండాలి. కథ విభాగంలోనే పంపింది కదా, ఉత్తరాల విభాగం వేరే ఉంది కదా. కానీ ఆ పిల్లకి విభాగాలు ఎప్పుడు తెలిశాయి, కవితని వంటల్లో పెట్టిన రోజుంది. పైకి వెళ్తున్నాను అంటే ఏమిటి, మేడ మీదకా, ఇంకా పైకా. సెలవు అంటే ఏ సెలవు. ఈ భాష ఎంత పొదుపుగా ఉండి చచ్చిందో, ఆఫీసు మానేసినా సెలవే, లోకం మానేసినా సెలవే, ఒకే మాటని రెండు గుమ్మాలకీ తలుపుగా బిగించారు. వెళ్తున్నాను అంది, వెళ్తాను అనలేదు, అంటే అప్పటికే దారిలో ఉంది. రేపటికి నేను ఉండను. ఇలాంటి వాక్యం కింద ఆమె ఏం రాసింది, ఉ వాడండి వు కాదు అని రాసింది. ఆ మాట అటువైపు ఫోనులో వెలిగే ఉంటుంది. ఎవరికీ అక్కర్లేదనుకున్న పిల్ల ఆఖరుగా ఒక మనిషికి చెప్పుకుంటే, ఆ మనిషి దీర్ఘాలు చూసుకోమంది.

ఫోనులో మళ్ళీ ఆ పేజీ తెరిచింది. రచయిత ఎప్పుడు తెరిచారో ఏం మార్చారో అందులో కనబడుతుంది. ఇందాక చూడలేదు, ఇప్పుడు చూసింది. ఆమె తప్పులు పంపిన తర్వాత మబ్బుపిల్ల పేజీ తెరిచింది. ఒక్క మాట మార్చింది. భాద పోయి బాధ వచ్చింది. మిగతావేం ముట్టుకోలేదు, అక్కడితో ఆపేసింది. ఒత్తులక్క ఆ బ వైపు చాలాసేపు చూసింది. చచ్చిపోదామనుకున్న మనిషి ఒత్తు దిద్దుతుందా? రేపు ఎవరో చదువుతారని, చదివి నవ్వకూడదని, రేపటి మీద ఆశ ఉన్నవాళ్ళే కదా దిద్దుకునేది. గుండెలో కొంచెం గాలి ఆడింది. ఆ గాలి వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, పోయేవాళ్ళు కూడా ఇల్లు సర్దిపెట్టి పోతారు, గిన్నెలు కడిగి బోర్లించి పోతారు, మిగిలిన ఒక్క మాటనైనా సరిగ్గా పెట్టి పోదామనుకుందేమో. ఒక్కటే ఎందుకు దిద్దింది, మిగతావి ఎందుకు వదిలేసింది, దిద్దుతూ దిద్దుతూ మధ్యలో ఏమైంది. "ఇక్కడ దిగిపోతానండీ, నడుచుకుంటా పోతా" అంటే డ్రైవరు, "ఎదర సందులోంచి పోండి మేడం, దగ్గర" అని చెయ్యి చూపించాడు, చిల్లర ఆమె తీసుకోలేదు, ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి పిలుస్తూనే ఉన్నాడు.

నడక పరుగయింది. ఈ వయసులో సందులో పరుగెత్తే ఆడమనిషిని చూసి కూరల బండి ఆయన బండి పక్కకి లాగాడు. సందు చివర మూడంతస్తుల పాత భవనం, బయట ఆరేసిన తువ్వాళ్ళు, లోపల చీకటి మెట్లు. ఒక ఆవిడ, వార్డెనే అయ్యుండాలి, మెట్ల కింద కూర్చుని రేడియో విప్పి బాగుచేసుకుంటోంది, పక్కన ఆమె ఎత్తని ఫోను. ఒత్తులక్క ఊపిరి అందక గది నంబరు మాత్రం చెప్పగలిగింది.

"ఆమా? పైకి పోయిందిగా" అంది వార్డెను, మర బిగిస్తూ.

ఒత్తులక్క గోడ పట్టుకుంది. "ఎప్పుడు?"

"పొద్దున్నే. ఇవాళే ఆఖరు కదా. తినమంటే తినకుండా పోయింది."

"మీకు... తెలుసా? తెలిసే ఊరుకున్నారా?"

"నేనేం చేస్తానమ్మా, వాళ్ళ కంపెనీ వాళ్ళ ఇష్టం. రేపు విప్పేస్తారంట. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది కదా, పాపం మనసు పట్టుకుపోయింది దానికి." వార్డెను అప్పుడు తలెత్తి చూసి, ఈ మనిషి పడిపోయేలా ఉందని గ్రహించి, స్టూలు కాలితో ముందుకి నెట్టి, "అదుగో, ఆ కిటికీలోంచి చూడు, కనబడుతుంది. ఇప్పుడు కూడా పైనే ఉంది" అంది.

కిటికీలో సగం ఆకాశం. ఆ ఆకాశంలో, కడుతున్న పెద్ద భవనం నెత్తిన, పసుప్పచ్చటి క్రేను. ఇనప స్తంభం పైకి పోయి పోయి, అక్కడ అగ్గిపెట్టెంత గాజు గది, అక్కడినుంచి పొడుగాటి చెయ్యి. వార్డెను చెబుతూనే ఉంది, మొగవాళ్ళు కూడా ఎక్కడానికి భయపడతారంట, ఈమె మాత్రం చకచకా పోతుంది అని. ఒత్తులక్కకి ఆ మాటలు ఆలస్యంగా అందుతున్నాయి. ఆమె క్రేను చెయ్యి వైపే చూస్తోంది. అది కదలడం లేదు. కదలమ్మా, కదులు, ఒక్కసారి కదులు. అది కదిలింది. మెల్లగా, నిద్రలో పక్కకి తిరిగినట్టు, ఎండని కోసుకుంటూ ఎడమవైపుకి తిరిగింది. అక్కడ పైన ఒక మనిషి ఉంది, ఆ మనిషికి రెండు చేతులున్నాయి, ఆ చేతులు పని చేస్తున్నాయి. ఒత్తులక్క స్టూలు మీద కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ ముందు ఎక్కిళ్ళు వచ్చాయి. వార్డెను లేచి మంచినీళ్ళు తెచ్చి, రేడియో ముక్కలు పక్కకి జరిపి, "ఏమైంది తల్లీ, మీరు ఆమెకేమవుతారు?" అంది. ఒత్తులక్క గ్లాసు అందుకుని, "అక్కనవుతా" అంది.

పెద్దాయనకి ఫోను చేసింది. "పైనే ఉందండీ" అంది, అని, అయ్యో అనుకుని, "అంటే బతికే ఉంది, క్రేను నడుపుతోంది, పని చేస్తోంది" అని గబగబా సర్దింది. అటువైపు పెద్దాయన ముక్కు చీదుకున్న శబ్దం. "పోలీసులకి నేను చెప్పేస్తాలే. నువ్వక్కడే ఉండు, కిందకి దిగేదాకా చూసి రా. కళ్ళతో చూసి రా."

కడుతున్న భవనం గేటు దగ్గర కాపలాదారు లోపలికి వదల్లేదు గానీ, తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఒక హెల్మెట్టు కూడా ఇచ్చాడు, భోజనం సైరను మోగాక దిగుతుంది, పొద్దున ఎక్కితే అప్పటిదాకా దిగదు అన్నాడు. హెల్మెట్టు పెద్దదైంది, కళ్ళ మీదకి జారుతోంది. దాన్ని వెనక్కి తోసుకుని తల పైకెత్తి కూర్చుంది. మెడ పట్టేస్తున్నా దించబుద్ధి కాలేదు. వెనకెప్పుడో, ఆసుపత్రిలో తనకి పుట్టిన బిడ్డ ఏడవక, ఏడవక, చివరికి కెవ్వుమన్నప్పుడు డాక్టరమ్మ మొహం వైపు చూసిన చూపే ఇప్పుడు ఆ గాజు గది వైపు చూస్తోంది. ఆ బిడ్డ ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ అమ్మకి పంపే మెసేజుల్లో ఒక్క ఒత్తు కూడా పెట్టదు, అమ్మని అమ అని రాస్తుంది, దిద్దితే నవ్వుతుంది. అమ. అదేమంత తప్పు. ఈ పూట లోకంలో ఉన్న తప్పులన్నీ ముద్దొస్తున్నాయి, దుమ్ము ముద్దొస్తోంది, కాంక్రీటు కలిపే యంత్రం చేసే గోల కూడా వినబుద్ధవుతోంది.

ఒక కాకి ఎగిరింది. ఎగిరి, భవనం సగం ఎత్తుదాకా పోయి, గాజు గదికి చాలా కింద నుంచి అటు దాటిపోయింది. ఒత్తులక్క కుర్చీలోంచి సగం లేచింది. 'కాకి నా కాల్ల కింద ఎగిరింది' అని రాసింది కదా మబ్బుపిల్ల, తను పక్కన ఏమని రాసింది, కాకి కాళ్ళ కింద ఎగరడమేమిటి, వాక్యం సరిచూసుకోండి అని. 'మనుషుల నెత్తులే తెలుసు నాకు మొహాలు తెలీవు' అని ఒకటి. దానికి, భావం బాగుంది కానీ అతిగా ఉంది అని. మబ్బు పక్కన కూర్చున్నానంటే మబ్బు పక్కనే కూర్చుంది, ఈవిడేమో అరిగిపోయింది మార్చమంది, ఇంకేం పెట్టుకుని మారుస్తుంది. హెల్మెట్టు కింద ఒక్కతే నవ్వుకుంటుంటే కాపలాదారు వింతగా చూశాడు. కిటికీ పక్కన కూర్చుని ఆకాశంలోకి చూసే పిల్ల, అంతవరకూ సరిగ్గానే ఊహించింది, కిటికీ ఎక్కడుందో ఊహించలేదు.

క్రేను కొక్కేనికి ఒక ఇనప తొట్టి వేలాడుతూ దిగింది, కింద ఎవరో చెయ్యి ఊపారు, ఆగింది. ఆగి ఉంది. మళ్ళీ లేచింది. పని, ఆగడం, పని. ఆ ఆగిన సందుల్లో కదా ఈ పిల్ల రాసేది, అనిపించింది ఒత్తులక్కకి. ఒక వాక్యం సగం రాసేసరికి కిందనుంచి వాకీటాకీలో పిలుపొస్తుంది, ఫోను పక్కన పడేసి బరువెత్తుతుంది, దించుతుంది, మళ్ళీ ఫోను తీసి మిగతా సగం రాస్తుంది. అంటే ఆ చుక్కలు... ఆ చీమలబారులు... ఒక్కో బారుకి ఒక్కో బరువు, ఆ చుక్కల్లో ఒక్కోసారి ఒక గోడే పైకి వెళ్ళుంటుంది, ఈమెకేమో మూడు చాలని. ఎంత ముచ్చటగా అనిపించిందంటే దీని మీద ఒక వ్యాసం రాయాలి అనుకుంది, మొదటి వాక్యం కూడా తట్టింది.

సైరను మోగింది. యంత్రాలు ఒక్కొక్కటీ ఆగిపోయి, లోకమంతా ఒక్కసారి చెవులు విప్పినట్టయింది. గాజు గదిలోంచి ఒక చిన్న చుక్క బయటికి వచ్చింది, స్తంభం లోపలి నిచ్చెన మీద దిగడం మొదలుపెట్టింది. కొంచెం దిగి, అడ్డబద్ద దగ్గర ఆగి, మళ్ళీ దిగుతూ. ఒక్కో మెట్టుకీ ఒత్తులక్క కాలివేళ్ళు బిగుసుకుంటున్నాయి. చుక్క బొమ్మయింది, బొమ్మ మనిషయింది. పంతొమ్మిదేళ్ళ సన్నపిల్ల కాదు. పొడుగాటి మనిషి, బలమైన భుజాలు, హెల్మెట్టు తీస్తే చెమటకి అంటుకున్న జుట్టు, పాపిట దగ్గర నెరుపు, యాభైకి దగ్గరగా ఉంటుందేమో, తనకంటే పెద్దది. కాపలాదారు ఏదో చెబితే ఇటు చూసింది, గ్లౌజులు తీసి నడుముకి దోపుకుంటూ వచ్చింది.

"నేను వెబ్‌సైటు నుంచి" అంది ఒత్తులక్క. "దిద్దుతాను."

ఆ మనిషి ఆగిపోయింది. మొహంలో ముందు ఆశ్చర్యం, దాని వెనక సిగ్గు, ఆ రెండింటినీ తోసుకుంటూ కోపం వచ్చాయి. "మీరా అక్కా. తప్పులు చెప్పడానికి ఇంతదూరం వచ్చారా?"

"ఫోనెందుకు కట్టేశావమ్మా?"

"కోపమొచ్చింది" అంది మబ్బుపిల్ల. గొంతు బొంగురుగా, మగగొంతులా ఉంది. "ఆఖరి రోజని పొద్దున్నే ఎక్కి, ఏడుపొచ్చి రాసుకున్నా. మీరు పంపింది చూశా. మొత్తం తప్పులే, ఒక్కటంటే ఒక్క ముక్క బాగుందనలేదు. సరేలే అని ఒకటి దిద్దా. రెండోది దిద్దుతుంటే మండుకొచ్చింది. ఫో అని ఫోను కట్టేసి సంచీలో పడేశా."

కోపం. ఒట్టి కోపం. నిండుగా ప్రాణమున్న మనిషికి వచ్చే శుభ్రమైన కోపం. ఒత్తులక్క ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది, ఆ చేతులు వేడిగా, గరుగ్గా, గ్రీజు వాసనేస్తూ ఉన్నాయి. "మంచి పని చేశావు. ఇంకా తిట్టు" అంది. అంటుంటే ఇందాక రానిది ఇప్పుడొచ్చింది, కళ్ళలోంచి కారిపోతోంది, తుడుచుకోవడానికి చేతులు వదలబుద్ధి కాలేదు. మబ్బుపిల్లకి ఏం జరుగుతోందో తెలియలేదు. కాపలాదారు కుర్చీలోనే ఆమెని కూర్చోబెట్టి, తను నేల మీద గొంతుక్కూర్చుని, "ఏమైందక్కా" అంది. ఒత్తులక్క ఫోను తీసి, ఆ నాలుగు ముక్కలూ ఆమె రాసినవి ఆమెకే చదివి వినిపించింది. సగంలోనే మబ్బుపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యయ్యో. రేపటికి ఇక్కడ ఉండను అనక్కా. ఇక్కడ. ఈ క్రేను విప్పేస్తారు, నన్ను వేరే ఊళ్ళో రేవులో క్రేను మీద వేశారు. ఇక్కడ అన్న మాట..." ఫోనులోకి వంగి వెతికింది. "రాయలేదా? రాశాననుకున్నా."

"రాయలేదు."

"అది మీరు చెప్పలేదేం? తప్పుల్లో?"

చెప్పలేదు. దీర్ఘాలన్నీ చెప్పింది. ఒత్తులక్క తల అడ్డంగా ఊపింది, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు, ముందెవరు నవ్వారో తెలియదు. కాపలాదారు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వు తగ్గాక ఒత్తులక్క, మనసులో ఉన్నది ఆగక, ఆ చుక్కల సంగతి అడిగింది, బరువులెత్తేటప్పుడు పెట్టే చుక్కలే కదా అవి అని. మబ్బుపిల్ల మొహం తెల్లబోయింది. "లోడొస్తే ఫోను పక్కన పడేస్తా, నిజమే. చుక్కలు మాత్రం ఊరికే అక్కా. నిండుగా అందంగా ఉంటాయని." వ్యాసం మొదటి వాక్యం గాల్లో కలిసిపోయింది, పోతే పోనీ. "మరి చుక్క ముందు ఖాళీ?" "అదా, గ్లౌజుతో నొక్కుతా, బొటనవేలు పక్కదానికి తగులుతుంది."

ఇద్దరూ భవనం నీడలోకి జరిగి కూర్చున్నారు. మబ్బుపిల్ల డబ్బా విప్పి చెరిసగం చేసింది, వద్దంటే వినలేదు, ఒత్తులక్క తినడం మొదలుపెట్టాక గానీ తనకి ఎంత ఆకలేస్తోందో తెలియలేదు. తింటూ తింటూ మబ్బుపిల్ల, పైకి చూస్తూ, తేలిగ్గానే చెప్పింది. "మీరు భయపడింది మరీ లేనిదేం కాదక్కా. ఇప్పుడు కాదు, మొదట్లో. మా ఆయన చనిపోయిన ఏడాదే ఈ పనిలోకి వచ్చా. పైన పలకరించే మనిషుండడు. రెండు మూడుసార్లు కిందకి చూస్తే, ఏముందిలే, ఒక్క అడుగు అనిపించింది. అప్పుడు కిందకి చూడకుండా ఉండాలని ఫోను చూడ్డం మొదలుపెట్టా. చూస్తూ చూస్తూ రాయడం మొదలుపెట్టా. రాసి పంపితే మీరు ళ పెట్టమని జవాబిచ్చారు. ఎవరో చదివారు కదా అనుకున్నా. రేపు ళ పెట్టి పంపుదాం అనుకున్నా."

"పెట్టలేదుగా."

"పెడితే ఇంక మీరేం రాస్తారు నాకు?"

ఒత్తులక్క నీళ్ళు తాగింది. "నన్ను అక్కా అంటావు గానీ నువ్వే నాకంటే పెద్దదానివి" అంది. "దిద్దేవాళ్ళకి వయసేంటి, అందరూ అక్కలే" అంది మబ్బుపిల్ల, డబ్బా మూతతో అన్నం మెతుకులు పోగుచేసి కాకులకి విసురుతూ.

మధ్యాహ్నం ఆఖరి తొట్టి దిగాక కంపెనీ వాళ్ళు ఆమెని త్వరగా పంపించేశారు. ఇద్దరూ ఒకే బస్సెక్కారు. ఒత్తులక్క ఆఫీసుకి పోవాలి, మబ్బుపిల్ల స్టేషను దగ్గర టికెట్టు తెచ్చుకోవాలి, దారి ఒకటే. కిటికీ పక్క సీటు ఎవరిదన్న దగ్గర కొంచెం బతిమాలాట జరిగింది, నేను రోజూ కూర్చునేది కిటికీ పక్కనే కదా, ఇవాళ మీరు కూర్చోండి అంది మబ్బుపిల్ల. రేవు క్రేను గురించి చెప్పింది, అది ఇంత ఎత్తుండదట, కానీ సముద్రం కనబడుతుందట, ఓడల పేర్లు చదువుకోవచ్చట. చెబుతూ చెబుతూ మధ్యలో మాట ఆగిపోయింది. చూస్తే నిద్రపోయింది. తెల్లవారకముందే లేచిన మనిషి, ఏడ్చి, కోప్పడి, నవ్వి అలసిపోయిన మనిషి. బస్సు మలుపు తిరిగినప్పుడు తల వచ్చి ఒత్తులక్క భుజం మీద వాలింది, బరువుగా, వెచ్చగా, నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ. బయట కొట్ల బోర్డులు వెనక్కి పోతున్నాయి, ఏం రాసుందో ఒక్కటీ చదవలేదు ఆమె. ఆఫీసు స్టాపు వచ్చింది. కండక్టరు రెండుసార్లు అరిచాడు. ఇప్పుడు లేస్తే ఈ తల ఎక్కడ పెట్టాలి. బస్సు కదిలింది, ఆఫీసు మేడ కిటికీ పక్కనుంచి మెల్లగా జారి వెనక్కి పోయింది, పోనిచ్చింది ఒత్తులక్క, భుజం కదలకుండా కాళ్ళు కొంచెం చాపుకుని, ఇంకా సర్దుకుని కూర్చుంది.